రేకు లోపలి పట్టు

రొదోపి కొండమీది ఊళ్లో నా కూతురు రలిత్సాకు నొప్పులు మొదలయ్యాయని ఫోను వచ్చేసరికి చీకటి పడింది, మంచు కురుస్తోంది. ఆ దారిలో లోయలో పడ్డవాళ్లే నా కళ్లముందు మెదిలారు. అక్కణ్నుంచి దాన్ని తీసుకురావడానికి కొడుకు బోయన్ పాత జీపు ముందు పెద్ద లైటు బిగిస్తున్నాడు.

రేకుకు చిల్లు పెట్టి, రివెట్ నట్టు దూర్చి లాగితే అది లోపల ఉబ్బి పట్టుకుంటుంది. తర్వాత దాంట్లో బోల్టు బిగించాలి. తొందరలో వాడు చిల్లు పెద్దది చేశాడు. బోల్టుతో పాటు నట్టూ గిర్రున తిరిగింది. వెనకంతా మూసిన రేకే, చెయ్యి దూరదు.

"లైటు లేకుండా వెళ్లకురా, లోయలో పడతావు!"

"అప్పుడే నేను పోయినట్టు, నా దినానికి పంచే గోధుమలు ఉడకబెట్టకే అమ్మా!"

వాడు మళ్లీ తిప్పాడు. ఈసారి లోపల ఎవరో వేళ్లతో పట్టుకున్నట్టు నట్టు ఆగిపోయింది. బోల్టు మెల్లగా బిగిసింది. మూసిన రేకు లోపలినుంచి టక్‌మని చప్పుడు వచ్చింది.

"ఎలుకేమోలే," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎలుక నట్టు పట్టుకుంటుందట్రా?"

వాడు లైటును ఊపి చూశాడు. అది రాయిలా ఉంది. బండెక్కాడు.

ప్రయాణం సాఫీగా సాగాలని గుమ్మం ముందు నీళ్లు పోశాను. జీపు దగ్గరికి వెళ్లి, చల్లటి రేకు మీద అరచెయ్యి పెట్టాను.

"నువ్వెవరైనా సరే," అన్నాను మెల్లగా, "పుట్టబోయే బిడ్డతో కలిపి నా పిల్లలు ముగ్గురూ ఇల్లు చేరేదాకా వదలకు."