మేకుకెక్కని రొట్టె

గురువారం సంతలో ఆ రష్యా ముసలమ్మ మళ్ళీ వచ్చి నిలబడింది.

నేమత్ ముఖం తిప్పుకున్నాడు.

మూడు వారాలుగా ఇదే తంతు. వస్తుంది, రుచి చూస్తానంటూ ఎండు ఖుబానీ పండు ఒకటి నోట్లో వేసుకుంటుంది, కొనదు. పోనీ కదులుతుందా అంటే కదలదు. అతని ముఖాన్నీ, వెనక గోడనీ మార్చి మార్చి చూస్తుంది.

గోడకు మేకు. మేకుకు ఎండిన రొట్టె. కొడుకు కూలిపనికి రష్యా వెళ్తూ ఒక ముక్క కొరికి ఇచ్చిపోయిన రొట్టె అది. తిరిగొచ్చి మిగతాది వాడే తినాలి, ప్రయాణాల ఆనవాయితీ అది. ఇంట్లో ఎలుకల బాధని నేమత్ దాన్ని కొట్లో దాచాడు.

పక్క కొట్టు రొట్టెల షరీఫా నవ్వింది.

"ఆవిడ ఖుబానీల కోసం రావట్లేదు నేమతూ. నీ మీసాలు నచ్చినట్టున్నాయి."

"మీసాలకైనా బోణీ ఉండాలిగా."

అలా అన్నాడే గానీ ఆ రోజు అతనికి నవ్వే ఓపిక లేదు. పొద్దున్నే కోర్టుకు వెళ్ళొచ్చాడు.

నేమత్ తల్లి పుట్టింది రష్యాలో. తజిక్ దేశానికి, ఈ ఖుజంద్ పట్టుమిల్లులో పనికొచ్చి, అతని తండ్రిని పెళ్ళాడి, లీదా కాస్తా జులైఖో అయింది. కొడుకును కని కన్నుమూసింది. అలాంటి తల్లికి పుట్టినవాడు తజిక్ పౌరసత్వం వదులుకోకుండానే రష్యా పౌరసత్వమూ తీసుకోవచ్చు. అది చేతికొస్తే రష్యాలోని సమారా సంతలో సొంత కొట్టు పెట్టుకోవచ్చు. ఇప్పుడు సరుకు ఇతనిది, చెమట ఇతనిది, లాభం అక్కడి దళారిది. అంతకన్నా ముఖ్యం, తండ్రికి వస్తే కొడుక్కీ దారి దొరుకుతుంది. పోలీసును చూసి సిమెంటు బస్తాల చాటున నక్కే బతుకు వాడికి తప్పుతుంది.

కానీ కాగితాల్లో లీదా వేరు, జులైఖో వేరు. రష్యావాళ్ళు కోర్టు తీర్పు తెమ్మన్నారు. కోర్టు సాక్షిని తెమ్మంది. ఇద్దరూ ఒకరేననీ, కన్నది ఇతన్నేననీ కళ్ళారా చూసిన మనిషి కావాలట, అదీ చుట్టం కాకుండా. సోమవారం ఆఖరి గడువు.

"మా అమ్మ మా అమ్మేనని సాక్ష్యం" అన్నాడు షరీఫాతో. "గాడిదను అమ్మేవాణ్ణి కూడా దాని తల్లికి సాక్షిని తెమ్మని ఎవడూ అడగడు."

మిల్లు ఏనాడో మూతపడింది. అందులో పనిచేసిన రష్యావాళ్ళంతా అంతర్యుద్ధం రోజుల్లోనే మూటలు కట్టుకుపోయారు. ఇప్పుడు సాక్షిని ఎక్కణ్ణుంచి తవ్వి తీయాలి?

ఈ మంట మీద ఉండగా ముసలమ్మ చెయ్యి మళ్ళీ ఖుబానీల కుప్ప మీదికొచ్చింది. వేళ్ళు ఉడకబెట్టినట్టు తెల్లగా, ముడతలుపడి ఉన్నాయి.

నేమత్ తన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు ముసలమ్మా. మీవాళ్ళు నా తల్లికే సాక్షిని తెమ్మంటారు. నువ్వేమో ఏ సాక్షీ లేకుండా నా సరుకు తినిపోతావు."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆగి ఆగి వచ్చే తజిక్‌లో చెప్పింది.

"ఇవాళ వెళ్ళిపోతున్నాను, రష్యాలో కూతురి దగ్గరికి. నీకో మాట చెప్పాలి, పిచ్చుకా."

పిచ్చుక. ఆరడుగుల మనిషిని, సంతంతా వింటుండగా.

"ఇవాళ్టికి చాలినన్ని మాటలు విన్నాను. బేరమైతే చెయ్యి, లేకపోతే దారివ్వు."

ఆవిడ షరీఫా దగ్గర వేడి రొట్టె కొంది. అంచున చిన్న ముక్క కొరికి నమిలింది. మిగతాది రెండు చేతులతో తెచ్చి అతని తక్కెడ పళ్ళెంలో పెట్టింది. గోడ మేకు వైపు ఒకసారి చూసి జనంలో కలిసిపోయింది.

నేమత్‌కు ఒళ్ళు మండింది. తిన్న ఖుబానీలకు ఎంగిలి రొట్టె చెల్లింపా? అదీ తక్కెట్లోనా? అదీ ఆ ఆనవాయితీ రొట్టేనేమోనన్న ఊహే అతనికి రాలేదు. రష్యా మనిషికి రొట్టె మర్యాద ఏం తెలుస్తుంది?

ఎంత కోపంలోనైనా అతను రొట్టెను నేల మీద వెయ్యడు. తీసి ఎదుటి మట్టిగోడ మీద పెట్టాడు. పిచ్చుకలు వాలాయి.

సాయంత్రం ఇస్ఫరా నుంచి మేనత్త సొలేహా కొత్త పంట బస్తాతో దిగింది. గోడ మీద మిగిలిన అంచును చూసింది.

"ఎవరిదిరా ప్రయాణం? కొరికిన రొట్టెను మేకుకు తగిలించక పిట్టలకు పెట్టావేం?"

అతను జరిగిందంతా చెప్పాడు. అత్త తనవైపే మాట్లాడుతుందనుకున్నాడు.

"వేళ్ళెలా ఉన్నాయి?" అంది అత్త.

"ఉడకబెట్టినట్టు."

"నిన్నేమని పిలిచిందన్నావు?"

"పిచ్చుక అని."

అత్త బస్తా మీద కూలబడింది.

"అది తోన్యా. పట్టుకాయలు మరిగే నీళ్ళలో ఏళ్ళ తరబడి నానిన వేళ్ళు అవి. మిల్లులో మీ అమ్మదీ దానిదీ ఒకటే గది. మీ అమ్మ పెళ్ళిలో అదుంది, పురిట్లో అదుంది. మీ నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక, కొత్త కోడలికి గిట్టదని తనే తప్పుకుంది. యుద్ధంలో అందరితో పాటు పోయిందనుకున్నాను. ఉందని తెలిస్తే నీకు చెప్పనా?"

నేమత్ షరీఫా వైపు చూశాడు. రష్యా రైలు మధ్యాహ్నమే వెళ్ళిపోయిందని ఆమె మెల్లగా చెప్పింది. ఆ ముసలమ్మ ఏ ఊరికి వెళ్ళిందో ఎవరూ అడగలేదు.

"అత్తా, నా సాక్షిని నేనే తరిమేశాను."

అత్త లేచి వెళ్ళి, పిచ్చుకలు వదిలిన అంచును కొంగులోకి తీసుకుంది.

"సాక్షే కాదురా. నెల తక్కువై పిడికెడు పిచ్చుకలా పుట్టావు, మూడో రోజే మీ అమ్మ పోయింది. ఒక పక్క తన కూతుర్నీ, ఒక పక్క నిన్నూ పెట్టుకుని, నువ్వు రొట్టె నమిలేదాకా నీకు పాలిచ్చి బతికించింది అదే."