గంగమ్మకు ఇనుప నగ

గంగను జటలో నిలిపి, లోకం ఓర్వగలిగినంతే విడిచిన చంద్రశేఖరునికి మొక్కి ఈ కథ చెబుతున్నాను.

దేశంలోని ప్రభుత్వ సామగ్రి అంతా ఒకే భాండాగారం కొనే కాలమది. గుండుసూది మొదలు గునపం దాకా అక్కడినుండే డ్రోన్ల మీద ఎగిరి రావాలి. ఊళ్లో కొన్న ఉద్యోగికి కొలువు పోతుంది. గోదావరి గట్టు మీది తూమును కాసే లస్కరు గన్నెయ్య, తలుపు దింపే బోల్టు విరిగిందని మూడుసార్లు విన్నవించాడు. మూడుసార్లూ దేశమంతటికీ ఒకటే అయిన కొలతలో బోల్టు వచ్చింది. రెండువందల ఏళ్లనాటి తలుపులో అది పట్టలేదు. ఇంతలో వరద రానే వచ్చింది. సాయంకాలంలోగా తలుపు దించకపోతే ఊరు మునుగుతుంది.

అతడు విరిగిన బోల్టు పట్టుకుని కమ్మరి వరహాలమ్మ కొలిమికి పరుగెత్తాడు.

“అక్కా, పాత కొలత బోల్టు కావాల. కొన్నానంటే ఉజ్జోగం ఊడుద్ది.”

“నీకెవరమ్ముతున్నార్రా?” అంటూ ఆమె ఆ కొలతకే బోల్టు కొట్టి, పట్టకారుతో అందించింది. “ గంగమ్మకి నగ మొక్కుకున్నాను, తూముకాడ తొడిగిరా. జాగర్త, చెయ్యి కాలుద్ది!”

బోల్టు బిగిసింది, తలుపు దిగింది, ఊరు నిలిచింది.

మర్నాడు భాండాగారం నుండి సందేశం వచ్చింది: “మీ తూము బోల్టు లేకుండానే పనిచేసినది. కనుక ఇకపై మీకు బోల్టుల కేటాయింపు రద్దు.”

 గన్నెయ్య తిరిగి కొలిమికి వచ్చి, “అక్కా, ఇంకో నగ చేసి ఉంచవా?” అన్నాడు.

“డెబ్బయ్యేళ్లు దాటినియ్యిరా నాకు. ముందు కూకుని తిత్తి ఊదటం నేర్చుకో.”

ఈ కథ విన్నవారి గట్లు తెగకుండుగాక, వారి ఊరి కొలిమి ఆరకుండుగాక!