శుక్రవారం కాంటాక్ట్

ఒక్క మాట దగ్గర జోగారావు వ్యాపారం ఆగిపోయింది.

1934వ సంవత్సరం. ఏలూరు తివాచీలు అడిగేవాడు లేక ఆయన ఆరు మగ్గాల్లో నాలుగు మూలపడి ఆర్నెల్లయింది. అలాంటి సమయంలో చెన్నపట్నం ఎగుమతి కంపెనీ నుంచి ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. రెండు వందల తివాచీలు కావాలట. సరుకు నచ్చితే ఏటా కావాలట.

చివర ఇలా ఉంది: మా మనిషి శుక్రవారం మిమ్మల్ని కాంటాక్ట్ చేస్తాడు.

శుక్రవారం పొద్దున్నే, బడికి వెళ్ళేలోపు, హైస్కూలు ఇంగ్లీషు మాష్టారు అచ్యుతరావు నిఘంటువు చంకలో పెట్టుకుని, ఆ మాటకి అర్థం చెప్పడానికి జోగారావు కొట్టుకి వచ్చారు.

"కాంటాక్ట్ అంటే తాకడం అండి. కరెంటు తీగె తగిలితే కాంటాక్ట్ అంటాం."

"మనిషి వచ్చి నాకు తగలడం ఏమిటండీ?"

"అసలు దీన్ని క్రియగా వాడకూడదు. రాసినవాడికి ఇంగ్లీషు రాదు."

"రాకపోతే వాడికి నష్టం. ఆ మనిషి వస్తాడా రాడా, అది చెప్పండి."

"కరెంటు సంబంధం ఉంది కనక, తంతి ఇస్తాడని నా అభిప్రాయం."

గుమ్మం పక్క బల్ల మీంచి ఒక గొంతు వినబడింది.

"వచ్చి కలుస్తాడని అర్థమండి. ఈ మధ్య అమెరికావాళ్ళు అలాగే రాస్తున్నారు."

ఇద్దరూ తిరిగి చూశారు. బల్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురద. చేతిలో చెప్పులు. పక్కన తాటాకు బుట్ట, అందులోంచి ఎండుచేపల వాసన.

"ఏ ఊరయ్యా?" అన్నాడు జోగారావు.

"కైకలూరు అవతల లంక అండి. అమ్మని చూసి, కొల్లేరు దాటి ఇటే వచ్చాను. ఇవాళ శుక్రవారం కదా అని..."

"శుక్రవారం నేను చేపలు కొనను. ఏ వారమూ కొనను. ఆ బుట్ట బయట పెట్టు, తివాచీలకి వాసన పడుతుంది."

ఆయన బుట్ట బయట పెట్టి వచ్చాడు.

"ఏం చదివావేమిటి?" అన్నారు మాష్టారు.

"మిషన్ బడిలో మొదలుపెట్టానండి. తర్వాత..."

"మొదలు తెలిసింది, చాలు" అని మాష్టారు నిఘంటువు మూసి బడికి వెళ్ళిపోయారు.

జోగారావు ఏ బేరంలోనూ ఒక పక్కకే ఒరిగే మనిషి కాదు. రెండు అర్థాలకీ రెండు ఏర్పాట్లు చేశాడు. తంతి కోసం మేనల్లుడిని తపాలాఫీసుకి పంపాడు. ఇంగ్లీషు ఉత్తరం కనక వచ్చేవాడు దొరే అనుకుని, పూలదండ ఇచ్చి జట్కాని స్టేషనుకి పంపాడు. టీకి పక్కింటి నుంచి పింగాణీ కప్పు కూడా తెప్పించాడు.

ఇక తివాచీల కట్టలు సర్దాలి. గుమాస్తా సత్తిరాజు ఒక్కడి వల్ల కాలేదు.

"ఖాళీగానే ఉన్నావు కదా, ఓ చెయ్యి వెయ్యవయ్యా" అన్నాడు జోగారావు.

ఆయన చెయ్యి వేశాడు. ఎత్తిన ప్రతి తివాచీనీ వెనక్కి తిప్పి ముడులు చూశాడు.

"అలవాటున్న చెయ్యే."

"చెన్నపట్నంలో అదే పనండి. రోజూ తివాచీలు తిరగెయ్యడమే. నేను వచ్చింది కూడా..."

"కూలి గిడుతోందా?"

"గిడుతోందండి."

సత్తిరాజు చెంబుతో మంచినీళ్ళిచ్చాడు. ఆయన తాగి, మిగిలిన నీళ్ళతో రుమాలు తడిపి, అడుగున ఉన్న తివాచీలో ఎర్ర పువ్వుని రుద్దాడు. రుమాలు మూల ఎర్రబడింది.

"రంగు దిగుతోందండి."

"దిగదూ మరి? బజారు రంగు" అని జోగారావు నవ్వాడు. "నువ్వూ ఈ పనివాడివే కనక చెబుతున్నా. కట్టకి పైన రెండే, చిరివేరు కాచి తీసిన రంగువి. కింద ఎనిమిదీ ఇవే. దొర పైవి చూస్తాడు, టీ తాగుతాడు, సంతకం పెడతాడు. ఓడెక్కాక అడుగువి ఎవరు చూడొచ్చారు?"

"ఆ పైవి ఎవరు నేశారండీ?"

"తంగెళ్ళమూడి మస్తాన్ సాయిబు. రంగు కూడా ఇంట్లోనే కాచుకుంటాడు. చెయ్యి నిదానం, అందుకే ఎక్కువ పని ఇవ్వను."

"ఇల్లు ఎక్కడండీ?"

"వంతెన దిగగానే ఎడమ పక్క. ఏం, కొంటావా?"

"చూడాలండి" అన్నాడాయన. బుట్ట అందుకుని, నాలుగు ఎండుచేపలు సత్తిరాజు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

తంతి రాలేదు. దొర రాలేదు. జట్కా సాయంత్రం ఖాళీగా తిరిగొచ్చింది. పూలదండని గుర్రం తినేసిందట.

"మాష్టారి అర్థమూ తప్పే, ఆ చేపలవాడి అర్థమూ తప్పే" అని జోగారావు తేల్చేశాడు.

పది రోజులకి చెన్నపట్నం నుంచి కవరు వచ్చింది. మాష్టారు చింపగానే ఒక రుమాలు జారిపడింది. మూల ఎర్రగా ఉంది.

"ఆర్డరు మస్తాన్ సాయిబుగారికి ఇచ్చారట. ఎన్నాళ్ళు పట్టినా ఆగుతారట" అని మాష్టారు అర్థం చెప్పారు. "పని లేని మీ నేతగాళ్ళని ఆయన పెట్టుకుంటాడట. ఆయన ఇంటి గుర్తు చెప్పినందుకు మీకు కృతజ్ఞతలు. చూశారా, మళ్ళీ అదే తప్పు. శుక్రవారం మిమ్మల్ని కాంటాక్ట్ చేశానని రాశాడు."

జోగారావు రుమాలు మీంచి కళ్ళు తియ్యలేదు.

"సంతకం ఎవరిదండీ?"

మాష్టారు కళ్ళద్దాలు సర్దుకుని, మొదటిసారిగా గొంతు తగ్గించి చదివారు.

"సి. నిత్యానందం, కొనుగోళ్ళ మేనేజరు. కింద తెలుగులో ఒక ముక్క ఉందండి: పైవి చూశాను, అడుగువీ చూశాను, టీ మాత్రం సాయిబుగారింట్లో తాగాను కనక సంతకం కూడా అక్కడే పెట్టాను."