సంచిలో దువ్వెన

దర్జీ భార్య సంచి సర్దుతోంది. రెండు తువ్వాళ్ళు, ఒక దుప్పటి, కళ్ళజోడు, స్టీలు గ్లాసు, దువ్వెన. కాసేపు ఆలోచించి, గ్లాసులో ఒక స్ట్రా కూడా పెట్టింది.

కుట్టుమిషను దగ్గర్నుంచి దర్జీ ఇదంతా చూస్తున్నాడు.

"నేను పన్ను చూపించుకోవడానికి వెళ్తున్నానా, దేశాంతరం పోతున్నానా?"

"ఉండనీ."

"దువ్వెనెందుకే? నా నెత్తిమీద దువ్వడానికేముంది?"

ఆమె దువ్వెనని దుప్పటి మడతలోకి తోసింది. మూడు రోజులుగా మాటలు పొదుపుగా వాడుతోంది. చల్లగాలి పడటం లేదని తల చుట్టూ, గడ్డం కిందుగా శాలువా బిగించుకుని తిరుగుతోంది. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉండటం దర్జీకి బాగానే ఉంది.

అతని పన్ను సంగతి పెద్దదేమీ కాదు. కత్తెర చేతికందేంత దూరంలో ఉన్నా, నలభై ఏళ్ళుగా దారాన్ని పళ్ళతోనే కొరుకుతాడు. వారం కిందట చల్లటి నీళ్ళు తాగితే ముందుపన్ను జివ్వుమంది. ఆ మాట పైకి అనడమే పొరపాటయింది. ఆమె పాత పత్రికల కట్ట విప్పింది. బడి మొహం చూడని మనిషి. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకుంది. అచ్చయిందల్లా చదువుతుంది, చదివిందానికల్లా భయపడుతుంది.

"ఈ చీటీ డాక్టరుకి చూపించు," అంది, పళ్ళు బిగించి. కోపంగా ఉందనుకున్నాడు.

చీటీలో నాలుగు ముక్కలున్నాయి. దవడ కింద వాపు. జ్వరం. నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోదు. మంచినీళ్ళు కూడా కష్టమ్మీదే దిగుతాయి. అడుగున ఒక ప్రశ్న: ఇలా ఉంటే ఇంట్లో ఎన్నాళ్ళు ఆగొచ్చు?

"నాకు ఇవేవీ లేవు కదే!"

"అడుగు."

"అడుగుతాలే. సంచి మాత్రం మొయ్యను. మీ అమ్మ సంచితోనే ఆసుపత్రికి వెళ్ళింది. మీ అన్నయ్యా అంతే. ఇద్దరూ ఇంటికి రాలేదని నువ్వు ఆసుపత్రి గడపే తొక్కవు. నాకు మాత్రం సంచి సర్దుతావా?"

ఆమె సంచిని తలుపు పక్కన పెట్టింది. అతను వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.

పళ్ళ డాక్టరమ్మకి దర్జీ కూతురి వయసుంటుంది. లైటు వేసి ఒక్కసారి చూసింది.

"దారం పళ్ళతో కొరుకుతారా బాబాయిగారూ?"

"నీకెలా తెలిసిందమ్మా?"

"పన్ను అంచున దారం పట్టేంత గాడి పడింది. ఇకనుంచి కత్తెర వాడండి. ఇప్పటికింతే."

తర్వాత చీటీ చదివింది. మొహంలో నవ్వు పోయింది.

"ఇవి ఎవరికి?"

"ఎవరికీ కాదమ్మా. మా ఆవిడ పత్రికలో చూసి రాసింది. పోయిన నెల గుండెజబ్బు, అంతకుముందు కిడ్నీలు. ఈసారి పళ్ళ వంతు."

డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుంది. "అయితే సరే. ఇలా ఉన్నవాళ్ళు మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు. నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళిపోవాలి. వాపు గొంతులోకి దిగితే ఊపిరాడదు."

గంటలో దర్జీ ఇల్లు చేరాడు. ఆమె ఇంకా గుమ్మంలోనే ఉంది.

"చూశావా, ప్రాణాలతోనే వచ్చాను!"

"చీటీ?"

"అలా ఉన్నవాళ్ళు ఒక్క పూట కూడా ఆగకూడదట. పెద్దాసుపత్రికే పోవాలట."

"ఒక్క పూటా?"

"నీకెందుకే అంత కంగారు? నాకు లేవంటుంటే!"

ఆమె అతనికి భోజనం పెట్టింది. తనకి ఆకలి లేదంది. సంచిలోంచి గ్లాసూ స్ట్రా తీసి, పాలు పోసుకుని, గోడవైపు తిరిగి చాలాసేపు తాగింది. కడిగి మళ్ళీ సంచిలోనే పెట్టింది.

"నేను తిరిగొచ్చేశాగా, ఇంకా ఆ సంచెందుకు?" అన్నాడు దర్జీ.

"రేపు చూద్దాం," అంది.

అది బుధవారం.

పత్రికలో చూసి కాక, అద్దంలో చూసుకుని ఆ చీటీ రాసిన దర్జీ భార్య, శుక్రవారం పొద్దున ఆ సంచితోనే ఆసుపత్రికి వెళ్ళి, తిరిగి రాలేదు.