పదిహేడో నమూనా

మహేశ్వరి పొద్దున్నుంచి మూడుసార్లు లెక్క వేసింది. మూడుసార్లూ ఒకటే జవాబు.

పట్టు లేదు.

నాలుగింటికల్లా హైదరాబాదు ల్యాబుకు ఏదో ఒకటి తేల్చి పంపాలి.

గిద్దలూరులో అమ్మ ఇంట్లో కూర్చుని ఆమె చేసే పని, ప్రోటీన్ల లోపల ఏముందో చూడటం. రక్తంలో ప్రాణవాయువును మోసే ప్రోటీన్‌కు నాలుగు గొలుసులు. ఒక్కో గొలుసు నిండా అమైనో ఆమ్లాలు. ఏ ఆమ్లం ఏ ఆమ్లాన్ని ఆనుకుని ఉందో, ఎంత దూరంలో ఉందో కంప్యూటరు జాబితా ఇస్తుంది. అవి ఒకదాన్నొకటి ఆనుకుని పట్టుగా ఉంటేనే నాలుగు గొలుసులూ విడిపోకుండా నిలబడతాయి.

పదిహేడో రక్త నమూనాలో ఒకే ఒక్క ఆమ్లం మారింది. అదీ రెండు గొలుసులు కలిసే చోట.

నమూనా మీద నంబరే ఉంటుంది. పేరు ఉండదు, వయసు ఉండదు. అది పద్ధతి.

వాకిట్లో ఎవరో దగ్గారు.

"కంప్యూటరు చూసే పాప ఇల్లు ఇదేనా చెల్లెమ్మా?"

"ఇదే అన్నా. పింఛనా?" అంది అమ్మ లక్ష్మీనరసమ్మ. పింఛను ఆగినా, ఆధార్‌లో పేరు తప్పు పడినా వీధివీధంతా వచ్చేది మహేశ్వరి దగ్గరికే.

"పింఛను కాదు. మా మనవడి సంగతి."

బడి దరఖాస్తు అయివుంటుంది అనుకుంది మహేశ్వరి. కుర్చీలోంచే కేకేసింది.

"తాతా, ఈ పొద్దు తీరదు. రేపు రాండి."

"రేపటికి వాడు ఈడుండడు తల్లీ. నాలుగింటి బస్సుకు కర్నూలు తీసుకపోతాండారు."

"పోయొచ్చినాకే రాండి. ఏం మునిగిపోదు."

ఆయన ఇంకేదో అనబోయాడు. ఫోను మోగింది.

"ఏం తేలింది మహేశ్వరీ?" ల్యాబు నుంచి సంజీవరావు సారు.

"రెండు చోట్ల పట్టు పోయింది సార్. రెండూ ముఖ్యమైన చోట్లే. ఇంకోసారి చూస్తాను."

"ఎన్నిసార్లు చూస్తావు? ఇలాంటి రక్తంతో మనిషి బతుకుతాడా, బతకడా? బతకడంటే నమూనా చెడిపోయినట్టు. తీసేద్దాం. పోయినసారీ నీ ఒక్కదాని పనే ఆగింది."

ఆ చివరి మాట చెవిలో ఉండిపోయింది. జూన్‌తో కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించాలో వద్దో చెప్పేది ఆయనే.

ఎంత దూరంలో ఉంటే ఆనుకున్నట్టో, ఆ హద్దు పెంచి చూసింది. తగ్గించి చూసింది. లేచింది. మళ్లీ కూర్చుంది.

అరుగు మీద మాటలు వినబడుతున్నాయి.

"గొర్రెల్ని యాడ వదిలినావన్నా?"

"మా ఇంటిది మేపుకుంటాది. నాకంటే అదే గట్టిది. పాప తలకాయెత్తదా చెల్లెమ్మా?"

"దాని మొగుడొచ్చి పిలిచినా ఎత్తదు. నువ్వెంత, నేనెంత."

ఇద్దరూ నవ్వారు. మహేశ్వరికి ఒళ్లు మండింది.

"అమ్మా, కొంచెం ఊరుకుంటారా? ఈడ నా ఉద్యోగం పోయేట్టుంది."

నవ్వు ఆగిపోయింది.

మూడున్నరకు కిటికీ జాలీ అవతల తలపాగా కనబడింది.

"తల్లీ, ఒక్క మాట వింటే..."

"తాతా, నీకు చేతులెత్తి మొక్కుతా."

"అట్ల మొక్కగూడదులే తల్లీ. పని చూసుకో."

తలపాగా పక్కకు తప్పుకుంది.

ఆమె రాసింది: ఈ మార్పుతో నాలుగు గొలుసులూ కలిసి నిలబడవు. ఇలాంటి రక్తంతో పుట్టిన బిడ్డ పురిట్లోనే పోతుంది. నమూనా చెడిపోయి ఉండాలి. జాబితాలోంచి తీసేయవచ్చు.

నాలుగింటికి అయిదు నిమిషాలుండగా పంపింది. పావుగంటకు సారు దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

'తీసేశాం. మంచిపని చేశావు.'

పొద్దున్నుంచి మొదటిసారి ఆమెకు ఆకలి తెలిసింది. బయటికొచ్చింది.

"తాత ఏడమ్మా?"

"ఇంతసేపూ చూసి చూసి బస్టాండుకు పోయినాడు. బిడ్డ మొహమన్నా చూసి పంపాలంట. ఈపాటికి బస్సు కదిలిపోయుంటాది."

"బిడ్డా? బడికి పోయే పిల్లోడు కాదా?"

"బడేంది? పది దినాల పసిగుడ్డు. పుట్టడమే నీలంగా పుట్టినాడంట. గుండె చెడిందని కర్నూల్లో కోసి చూస్తారంట."

"దానికి నా దగ్గరికెందుకు వచ్చినాడు?"

"నేనూ అదే అడిగినా. 'నేనూ అట్లనే పుట్టినా, మా నాయనా అట్లనే పుట్టినాడు, మా గుండెలకేం కాలా. నేను చెప్తే ఆ డాక్టర్లు నవ్వుతాండారు. పాప చెప్తే వింటారు' అన్నాడు. నిజమే పాపా, ఆయన పెదాలు చూస్తివా? నేరేడుపండ్లు తిన్నట్టే ఉండాయి."

మహేశ్వరి చూడలేదు. తలపాగా తప్ప ఆమె ఏమీ చూడలేదు. రక్తం ప్రాణవాయువును సరిగా మోయకపోయినా పెదాలు నీలమవుతాయి; దానికి గుండె చెడనక్కర్లేదు.

నిలబడిన చోటి నుంచే మురళీధర్‌కు ఫోను చేసింది. ఊళ్లల్లో క్యాంపులు పెట్టి రక్తం తీసింది అతనే.

"మురళీ, పదిహేడో నంబరు ఎవరిది?"

"పేర్లు చెప్పగూడదు గదక్కా."

"చెప్పు."



"పసిబిడ్డ సంగతని పద్ధతి పక్కనబెట్టి నేనే నిన్న ఆయనకు మీ ఇల్లు చెప్పినా అక్కా," అన్నాడు మురళీధర్, "పదిహేడు ఆయనదే, రాచర్ల ఊరి మాల్యాద్రి తాత, డెబ్బై మూడేండ్లు, తెల్లారకముందే నడిచి బయల్దేరినాడంట, ఇంకా రాలేదా?"