దారం చుట్టిన పేజీలు

టైలరు ఈసారి కూడా చివరి అధ్యాయం చదవకుండానే నవల తిరిగిచ్చాడు. ఆ పేజీలన్నిటినీ కలిపి తెల్లదారం చుట్టి, ముడి వేసి మరీ తెచ్చాడు.

లైబ్రేరియన్‌కి ఒళ్లు మండింది. బదిలీ మీద ఈ ఊరొచ్చి ఏడాది కాలేదు గానీ, పుస్తకాలు ఏరి ఇవ్వడంలో అప్పుడే ఆమెకు పెద్ద పేరొచ్చేసింది. ఎవరొచ్చినా చేతిలో రెండు పెట్టి పంపేది. ఒకటి కథ, ఒకటి నిజం. ప్రేమ నవల అడిగిన బ్యాంకు గుమస్తాకు దాంతోపాటు చీమల మీద రాసిన పుస్తకం అంటగట్టేది. వంతెనల చరిత్ర అడిగిన ఇంజనీరుకు దొంగల నవల జోడించేది. మొదట్లో గొణిగినవాళ్లే ఇప్పుడు "మీ ఇష్టం మేడమ్, మీరేదిస్తే అదే" అంటూ నిలబడుతున్నారు.

అలాంటి మనిషికి, తను ఏరికోరి ఇచ్చిన నవల ముగింపు ముట్టుకోకుండా రావడమంటే, కమ్మగా వండిపెడితే ఆఖరి ముద్ద వదిలేసి లేచినట్టుంది.

"ముగింపు బాగాలేదా బాబాయ్?" అంది, కాస్త నిష్ఠూరంగానే.

"అక్కడిదాకా పోలేదమ్మా. మీ పిన్నికి నేనే చదివి వినిపిస్తాను కదా. కథ సగంలో ఉండగా లేచి వెళ్లే అలవాటు లేదు ఆవిడకి. అదే నా ధైర్యం."

ఆమెకు చప్పున అర్థమైంది. మంచం పట్టిన మనిషి. కథ మిగిలుంటే ప్రాణమూ మిగిలుంటుందని ఈయన నమ్మకం. కోపం కాస్తా నీరుగారిపోయింది.

"మరి రెండో పుస్తకమో? అది కథ కాదుగా."

"దానికీ అంతే. మొన్న ఆ సముద్రయాత్ర పుస్తకంలో ఓడ రేవు చేరకముందే ఆపేశాను. మీ పిన్ని ఒకటే సణుగుడు." నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "మధ్యలో వదల్లేని పుస్తకాలు చూసివ్వమ్మా. ఈమధ్య వెళ్లిపోతానంటోంది."

ఆనాటి నుంచి లైబ్రేరియన్‌కి అదే ధ్యాస అయిపోయింది. ప్రతి అధ్యాయం చివరా ఊపిరి బిగపట్టించే నవలలు వెతికేది. వాటికి జోడీగా గుహల్లో దారి తప్పినవాళ్ల అనుభవాలో, జైలు నుంచి పారిపోయినవాళ్ల జీవిత చరిత్రలో తీసి పక్కన పెట్టేది. ముఖం చూడని ఆ పాఠకురాలంటే ఆమెకు ఎక్కడలేని ఇష్టం పుట్టుకొచ్చింది. ఒక మనిషి ఆయుష్షు తను ఇచ్చే పుస్తకం మీద ఉందనుకుంటే భయమూ వేసేది.

ఒక మధ్యాహ్నం టైలరు ఫోన్ చేశాడు. స్కూలు యూనిఫారాల పని నెత్తిన పడింది, కొట్టు వదిలి రాలేను, కొత్త పుస్తకాలు ఇంటి వరండాలో పెట్టి వెళ్లమన్నాడు.

"తలుపు మాత్రం తట్టకమ్మా" అన్నాడు.

ఆమె తట్టలేదు. అయినా లోపలి నుంచి పిలుపొచ్చింది.

"పుస్తకాలమ్మాయివేనా? తలుపు తీసే ఉంది, రా."

ముందుగది పొందికగా ఉంది. కుట్టుమిషను, దాని ముందు ఒక కుర్చీ, కిటికీలో కడిగి బోర్లించిన ఒక కప్పు. లోపలి గదికి అడ్డంగా తెర వేసి ఉంది.

"అక్కడే కూర్చో. నన్ను చూస్తే జడుసుకుంటావు" అంది తెర వెనక గొంతు. "ఆ గుహల పుస్తకం భలే ఇచ్చావమ్మా. నవలకంటే అదే నయం."

లైబ్రేరియన్ పొంగిపోయింది. "ఈసారి ఏం కావాలి పిన్నీ? కథలా, చరిత్రా?"

"ముగింపు కావాలి. ఏదైనా సరే, ఒక్కటి. ఆయన నన్ను పట్టుకుని వేలాడుతున్నాడు. నాకిక ఓపిక లేదమ్మా. వదలమంటే వదలడు."

లైబ్రేరియన్ లేచి వెళ్లిపోదామనుకుంది. కానీ పుస్తకం వింటే మనుషులు పోతారా ఎక్కడైనా? ఇన్నాళ్లూ తనూ ఆ పిచ్చి నమ్మకానికి వంతపాడింది. చదువంటే ఇంత ప్రాణం పెట్టే మనిషిని ముగింపు కోసం ఏడిపించడం ఏం న్యాయం? మిషను మీదున్న నవల తీసుకుని దారం విప్పింది.

వరదలో తప్పిపోయిన పడవవాడు ఇల్లు చేరే కథ అది. ఆమె చదువుతున్నంతసేపూ తెర వెనక నుంచి "ఊఁ... ఊఁ..." అంటూ ఊకొట్టడం వినిపిస్తూనే ఉంది. పడవవాడు తలుపు తడితే "ఊఁ" అంది. కూతురు వచ్చి తలుపు తీస్తే "ఊఁ" అంది. ఆఖరి వాక్యానికి మాత్రం ఊకొట్టలేదు.

"పిన్నీ?"

నిద్రపట్టిందేమో అనుకుంది. గట్టిగా పిలిచింది. తెర తొలగించి చూసే ధైర్యం చాలక, ఆ కుర్చీలోనే బిగుసుకుపోయింది.

టైలరు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. ఆమె ఒళ్లో తెరిచి ఉన్న చివరి పేజీ చూశాడు. తెర తప్పించుకుని లోపలికి వెళ్లాడు. చాలాసేపటిదాకా రాలేదు.

వచ్చేసరికి ఆమె వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"నేనే చంపేశాను బాబాయ్. అడిగితే కాదనలేకపోయాను."

టైలరు గోడకు చేరగిలబడి కింద కూర్చున్నాడు. మెడలో టేపు తీసి చుట్టలు చుట్టి పక్కన పెట్టుకున్నాడు.

"నువ్వు చంపడమేమిటమ్మా" అన్నాడు. "మీ పిన్ని చనిపోయి పదేళ్లు దాటింది, ఇల్లు వదిలి వెళ్లింది మాత్రం ఇవాళే."