నక్క వెళ్లిపోయాక

ఒక పొదలో రెండు కుందేళ్లుండేవి, వదినా మరదళ్లు. ఒకనాటి పొద్దున నక్క తరిమితే ఇద్దరూ తుమ్మకంపలో దూరి బతికిపోయారు. ముళ్లు గీరుకుని ఇద్దరి వీపులమీదా ఒకేలాంటి గాయమైంది.

కుందేళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. నక్క వెళ్లిపోయాక ఒళ్లు దులుపుకుని, నాలుగు గరికపోచలు నమిలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. వదిన అలాగే చేసి పడుకుంది. మరదలికి ఒళ్లు మండింది. ప్రాణం మీదికొచ్చిన రోజున ఈవిడకి మేతెలా దిగుతుందనుకుంది. తను ఒళ్లు దులపలేదు, గడ్డి ముట్టలేదు. చెవులు నిక్కించి పొద ముందు కాపలా కూర్చుంది. ఆకు కదిలినా నక్కే, ఉడుత దూకినా నక్కే. వారం రోజులూ గుండె దడదడలాడుతూనే ఉంది.

ఎనిమిదోనాటికి వదిన గాయం మాని కొత్త బొచ్చు మొలిచింది. మరదలి గాయానికి చీము పట్టింది.

"ఒకే కంప, ఒకే ముళ్లు. నాకెందుకు మానలేదొదినా?" అంది మరదలు.

వదిన ఆ పుండు నాకి శుభ్రం చేస్తూ చెప్పింది. "దెబ్బ తగిలితే మన ఒంట్లో కాపలావాళ్లు లేచి అక్కడికి పరిగెత్తుతారు. భయం వాళ్లని ఇంకా తొందరగా లేపుతుంది, అది మంచిదే. నువ్వు వారంపాటు వాళ్లని పడుకోనివ్వలేదు. అలిసిపోయినవాళ్లు గాయమేం మానుస్తారు?"

"నక్క మళ్లీ వస్తేనో?"

"వస్తుంది. అప్పుడు పరిగెత్తడానికి కాళ్లుండాలిగా."

మరదలు లేవబోయింది. కూలబడి, పక్కనున్న గరికపోచ ఒకటి కొరికింది.